కొత్త కళాక్షేత్రమా, మూతపడ్డ సినిమా హాలా: చిన్న పట్టణానికి ఏది మేలు?

మన పట్టణాల్లో కళాక్షేత్రం కావాలన్న మాట వచ్చిన ప్రతిసారీ, ఊరి అంచున స్థలం తీసుకుని వెయ్యి కుర్చీల ఏసీ హాలు కట్టాలన్న ప్రతిపాదనే ముందు నిలుస్తుంది. మూతపడి ఉన్న సినిమా హాలును బాగుచేసుకోవడం, ఆరుబయలు రంగస్థలంతో సరిపెట్టుకోవడం అనే మరో రెండు మార్గాలను కూడా దానితో సమానంగా తూచి చూడాలి.

కొత్త భవనానికి ఉన్న బలం కాదనలేనిది. 1885 నుంచి నాటకాన్నే బతుకుగా చేసుకున్న సురభి కుటుంబాల ప్రదర్శన చూసినవారికి, రంగస్థలానికి లోతు, తెరలు పైకి లాగేంత ఎత్తు, తీగలపై మనుషులను తేల్చడానికి గట్టి ఆధారం ఎంత అవసరమో తెలుసు. ఇవన్నీ పునాది నాడే ఆలోచించి కడితే అంతకంటే కావలసింది లేదు. అయితే కాలం సంగతి కూడా చూడాలి. టాగూర్ శతజయంతి సందర్భంగా హైదరాబాదులో రవీంద్రభారతి 1961లోనే సిద్ధమైంది. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన జరిగితే ప్రారంభోత్సవం 2024 నవంబరులో జరిగింది. రాజధానికీ, పెద్ద నగరానికీ ఇలాంటి నిరీక్షణను తట్టుకునే ఇతర వేదికలు ఉంటాయి. చిన్న పట్టణంలో పదేళ్లంటే, కూచిపూడి నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లలు ఊళ్లో ఒక్క మంచి వేదికైనా ఎక్కకుండానే చదువులకో, పెళ్లిళ్లకో ఊరు విడిచి వెళ్లిపోయేంత కాలం. పైగా పెద్ద హాలు కరెంటు ఖర్చు అద్దెలో కలుస్తుంది. ఆ అద్దె సభలకూ, పెళ్లిళ్లకూ అందుతుంది గానీ, నాటక పరిషత్తు పోటీలకు నాటిక సిద్ధం చేసుకునే చిన్న నాటక సమాజానికి అందదు.

ఆరుబయలు రంగస్థలం చౌక. బుర్రకథ, వీధి భాగవతం, తెల్లని తెర వెనుక దీపం వెలిగించి ఆడే తోలుబొమ్మలాట అక్కడ పుట్టినవే కనుక అక్కడే బాగా ఒదుగుతాయి. కానీ వానాకాలంలోనూ, మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ అది పనికిరాదు.

ఇక సినిమా హాలు. వెనుక వరుసలో కూర్చున్నవారికి కూడా కనిపించేలా వాలుగా కట్టిన నేల, బయటి రొద లోపలికి రానివ్వని గోడలు, ఊరి నడిబొడ్డున బస్సు దిగి నడిచి రాగల చోటు అప్పటికే ఉంటాయి. లోపాలూ తక్కువేమీ కాదు: తెర ముందు వేదిక ఇరుకు, పక్కల నుంచి నటులు వచ్చిపోయే దారి ఉండదు, వేషం వేసుకునే గదులు ఉండవు. ముందు వరుసల కుర్చీలు కొన్ని తీసేసి వేదికను ముందుకు పెంచితే, నాట్యానికి బండపరుపు బదులు మోకాళ్లకు హాని చేయని చెక్క నేల వేస్తే, బాల్కనీ కింది భాగాన్ని అడ్డుగోడలతో అభ్యాసపు గదులుగా విడగొడితే ఈ లోపాలు చాలావరకు తీరతాయి. సురభి స్థాయి మాయాదృశ్యాలు మాత్రం ఇందులో సాధ్యం కావు. ఆ నష్టాన్ని ఒప్పుకోవాలి.

నా తీర్పు పాత హాలు వైపే. కళాకారుడికి ఏడాదికి నాలుగుసార్లు ఎక్కే వేదిక కంటే, రోజూ సాయంత్రం తలుపు తెరిచి ఉండే అభ్యాసపు గది ఎక్కువ అవసరమన్నదే దానికి ప్రధాన కారణం. అయితే పని మొదలుపెట్టే ముందు ఇంజనీరు చేత పైకప్పు, పునాదులు పరీక్ష చేయించాలి, యజమానితో దీర్ఘకాలపు లీజు రాయించుకోవాలి. ఈ రెంటిలో ఏది కుదరకపోయినా కొత్త నిర్మాణమే శరణ్యం. అప్పుడైనా మూడు వందల కుర్చీలకు మించకుండా, అభ్యాసపు గదులనే మొదటి దశలో కట్టాలి.