ఆరేళ్లు వాడాక: నా నీటిరంగుల పెట్టె, కాగితం, పిల్లల తరగతి

తిత్లీ తుఫాను వెళ్లిన మరుసటి ఏడు, 2019 వేసవిలో ఈ రేకు పెట్టె కొన్నాను. అరచేతి కంటే కాస్త పెద్దది. లోపల పన్నెండు హాఫ్ పాన్లు, అంటే రంగు నింపుకునే చిన్న గిన్నెలు, పడతాయి. ఖాళీ పెట్టె కొని, ట్యూబుల్లోంచి రంగు పిండి నింపుకున్నాను. ఒక్కో పాన్‌లో సుమారు రెండు మిల్లీలీటర్లు పడుతుంది కాబట్టి, ఐదు మిల్లీలీటర్ల చిన్న ట్యూబు కొంటే రెండుసార్లు నింపుకోవచ్చు. అప్పటినుంచి, జ్వరం వచ్చిన రోజులూ పెళ్లిళ్లకి వెళ్లిన రోజులూ తీసేస్తే, రోజూ పొద్దున్నే ఒక బొమ్మ వేస్తున్నాను. శ్రీకాకుళంలో నాగావళి గట్టున కూర్చుని వేస్తాను, వానైతే మా డాబా మెట్ల కింద. శని, ఆదివారాలు పిల్లలకి నేర్పుతాను. వేసవిలో పది రోజుల వర్క్‌షాప్ పెడతాను. ఇల్లు గడిచేది దీనిమీదే.

కొన్న రోజున ఏ రంగైనా బాగానే ఉంటుంది. మన తేమలో, మన ఎండలో కొన్నేళ్లు ఉన్నాక ఏమవుతుందో చెప్పేవాళ్లు నాకు అప్పట్లో దొరకలేదు. దొరికి ఉంటే చాలా డబ్బు మిగిలేది, ఒక మంచి మనిషి ముందు తల దించుకునే అవసరం వచ్చేది కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు కాగితం. మొదట్లో విద్యార్థుల కోసం అమ్మే ప్యాడ్లు వాడేవాణ్ణి. చెక్క గుజ్జుతో చేసినవి. అట్ట మీద 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) అని ఉంటుంది, చేతికి మందంగానే తగులుతుంది. కానీ ఆకాశానికి వాష్, అంటే నీళ్లతో పల్చన చేసిన రంగు పొర, వేసి, అది తడిగా ఉండగానే మబ్బు దించాలంటే ఆ కాగితం ఆగదు. పైన తడి గబుక్కున ఆరిపోయి, మబ్బు అంచు పెన్సిలుతో గీసినట్టు నిలబడిపోతుంది. నా చెయ్యి కుదరడం లేదనే అనుకున్నాను చాలాకాలం. నూరు శాతం నూలు కాగితం మీద అదే రంగు, అదే బ్రష్షుతో వేసి చూసిన రోజున మబ్బు దానంతట అదే కిందికి జారింది, అంచు ఎక్కడుందో కనిపించలేదు. ఆ రోజు బొమ్మ అమ్మలేదు, ఇంట్లోనే ఉంది.

ధర ఎక్కువ, నిజమే. ఒక మంచి నూలు షీటు ధర పెడితే ఆ ప్యాడ్ ఒకటి వచ్చేస్తుంది. అయితే షీటు 22 అంగుళాలు బై 30 అంగుళాలు ఉంటుంది. ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి పదకొండు బై ఏడున్నర వస్తుంది. వారానికి ఏడు బొమ్మలు, ఎనిమిదో ముక్క రంగులు పరీక్షించడానికి. వారానికొక షీటు. ఈ లెక్కన చూసుకుంటే టీ ఖర్చు కంటే మరీ ఎక్కువేం కాదు.

కొన్నాక దాచుకోవడం ఇంకో పెద్ద పని, మన కోస్తాలో మరీను. కాగితానికి సైజింగ్ అని ఉంటుంది, జెలటిన్‌తోనో మరో జిగురుతోనో పట్టిస్తారు. పొందూరులో పడుగు నూలుకి గంజి పెడతారు చూడండి, అలాంటిదే. అది ఉన్నంతవరకే నీళ్లు కాగితం పైన నిలుస్తాయి. 2021లో ఇరవై షీట్లు ఒకేసారి తెప్పించి, వానాకాలమంతా అటక మీద ఉంచాను. కార్తీకంలో తీసి వాష్ వేస్తే, అక్కడక్కడా నాణెం అంత మేర రంగు లోపలికి ఇంకిపోయి, ముదురు మచ్చలు తేలాయి. అద్దుడు కాగితం సిరా తాగినట్టు తాగేసింది. పైకి చూస్తే ఏమీ తెలీదు, తెల్లగా, నున్నగా ఉంటుంది. తడి తగిలాకే తెలుస్తుంది. పదకొండు షీట్లు పోయాయి.

ఇప్పుడు నాలుగేసి షీట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి తీసి టేపు వేసి, సిలికా జెల్ పొట్లాలతో పాటు బీరువాలో బట్టల మధ్య పడుకోబెడుతున్నాను. ఆషాఢం ముందు ఎక్కువ కొనను. కొత్త షీటు కోసే ముందు మూల మీద ఒక నీటిచుక్క వేసి రెండు నిమిషాలు చూస్తాను. చుక్క గుండ్రంగా కూర్చుంటే మంచిది. వెంటనే చదునై ముదురుగా మారితే ఆ షీటు పెన్ను బొమ్మలకి.

ఇక రంగులు. మాది అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఊరు. ఎండ మాట ఎత్తకుండా రంగుల గురించి చెప్పలేను.

పెట్టె కొన్న మొదటి సంక్రాంతికి ఒకాయన వాళ్ల అమ్మగారి ఫోటో ఇచ్చి బొమ్మ వేయమన్నాడు. ఆవిడ రాణి రంగు చీరలో ఉన్నారు. చాలా ఇష్టంగా వేశాను. హాల్లో కిటికీకి ఎదురు గోడ మీద పెట్టుకున్నారు. పద్నాలుగు నెలలకి ఫోన్ వచ్చింది. "మాస్టారూ, ఓపాలి మా ఇంటికొచ్చి చూడండి. అమ్మ చీర తెల్లబడిపోనాది." వెళ్లి చూస్తే నిజమే. ఫ్రేము విప్పించాను. చుట్టూ పెట్టిన మౌంటు అట్ట కింద పావంగుళం మేర దాగిన చీర, వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ గీత దాటి బయటికి వస్తే పాలిపోయిన గులాబీ. రెండు రంగుల మధ్య స్కేలు పెట్టి గీసినట్టు తేడా. ఆవిడ ముఖం మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే చర్మానికి వాడినవి మట్టి రంగులు. ఆయన డబ్బు అడగలేదు. "అమ్మని అలా చూడలేకపోతన్నానండి" అన్నాడంతే. ఇంటికొచ్చి ఆ రాత్రే మళ్లీ మొదలుపెట్టాను, నా ఖర్చుతో.

ట్యూబు మీద పేరు అందంగా ఉంటుంది. లోపల ఉన్న రంగు పదార్థం ఏదో చెప్పే కోడ్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూడాలని అప్పటికి నాకు అలవాటు లేదు. ఆ ట్యూబు వెనక పీఆర్ 83 అని ఉంది. అంటే అలిజరిన్ క్రిమ్సన్. మంజిష్ఠ జాతి వేళ్లలో ఉండే రంగు అది, 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు రసాయన పద్ధతిలో తయారు చేశారు. పటిక పట్టిన గుడ్డ మీద బాగా నిలుస్తుంది గానీ, కాగితం మీద పల్చటి వాష్‌గా పరిస్తే ఎండకి ఆగదు. వెలుతురుకి ఎంత నిలుస్తుందో ఏఎస్‌టీఎం అనే ప్రమాణంలో ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు ఇస్తారు. ఒకటి అంటే గట్టిది. నీటిరంగుల్లో పీఆర్ 83కి వచ్చేది నాలుగు. దాని చోట ఇప్పుడు ఎండకి నిలిచే గులాబీ రంగు, పీవీ 19, పెట్టుకున్నాను. రెండో చీర దాంతోనే వేశాను. నిరుడు వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను, అలాగే ఉంది.

అప్పటినుంచి ఏ కొత్త రంగైనా ముందు కిటికీ పరీక్ష గడవాలి. కాగితం పట్టీ మీద రంగుని ముదురు నుంచి పల్చన దాకా పరిచి, సగం నల్ల అట్టతో కప్పి, దక్షిణపు కిటికీ అద్దానికి అతికిస్తాను. వెనక తేదీ. ఆరు నెలలకి అట్ట తీస్తాను. గీత కనిపిస్తే ఆ రంగు అమ్మే బొమ్మలోకి రాదు. కంపెనీ ఏదైనా సరే, ధర ఎంతైనా సరే.

పన్నెండులో నిజంగా ఖాళీ అయ్యేవి ఐదారే. అందరికంటే ముందు అల్ట్రామెరీన్, పీబీ 29. వెనకటి రోజుల్లో తెల్లబట్టలకి పెట్టే నీలం పొడి కూడా ఇదే పదార్థం. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పండగకి సున్నంలో అది కలిపి గోడలకి కొట్టేవారు. ఆ గోడల నీలం ఇప్పటికీ నా కళ్లలో ఉంది, బహుశా అందుకే ఈ రంగు మీద నాకంత ప్రేమ. తర్వాత బర్న్‌ట్ సియన్నా, ఎల్లో ఆకర్. రెండూ ఇనుము ఉన్న మన్ను రంగులే, మన జేగురుకి చుట్టాలు. ఎంత ఎండకైనా కదలవు. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియన్నా కలిపితే వచ్చే బూడిద రంగు కోసమే ఒక పెట్టె కొనొచ్చంటాను. నీలం ఎక్కువైతే వానమబ్బు. గోధుమ ఎక్కువైతే శ్రావణంలో వరదొచ్చిన నాగావళి. ఆరుతున్నప్పుడు దగ్గరగా వంగి చూడండి. నీలం రేణువులు కాగితం గుంటల్లోకి దిగి, గోధుమ రంగు వాటి చుట్టూ నిలిచి, ఇసుక తనంతట తానే తయారవుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది చూడ్డానికే వంగుతాను.

తేనె కలిపిన రంగుల గురించి చాలా గొప్పగా చెబుతారు. తడి తగలగానే కరుగుతాయి, ఆ మాట నిజమే. కానీ మన తేమలో అవి పాన్‌లో ఆరవు. మూడు వారాలైనా వేలికి అంటుకుంటాయి. పెట్టె ఏటవాలుగా పెడితే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జారిపోతాయి. ఒకరోజు పొద్దున్నే మూత తీస్తే పసుపు పాన్ చుట్టూ చీమలు. రాయలసీమలో ఎలా ఉంటుందో చెప్పలేను, సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లు మాత్రం కొనకండి. మామూలు గమ్ అరబిక్ (తుమ్మ జాతి చెట్టు జిగురు) రంగులు చాలు.

పెట్టె విషయానికొస్తే, మూడో ఏడు బందులు తుప్పు పట్టాయి. లోపలి తెల్ల ఎనామెల్ రెండు చోట్ల లేచింది. బందులకి కొబ్బరినూనె రాస్తూ నెట్టుకొస్తున్నాను. బ్రష్షుల్లో సింథటిక్ ఎనిమిదో నంబరు రౌండ్ ఒకటి, ఉడుత వెంట్రుకల మాప్, అంటే గుత్తిలా లావుగా ఉండే మెత్తటి బ్రష్షు, ఒకటి. మాప్‌ని ఒకసారి పురుగు కొట్టింది, ఇప్పుడు ఎండు వేపాకు వేసిన డబ్బాలో ఉంచుతాను. ముంగిస వెంట్రుకల బ్రష్షులు ఎవరైనా చూపిస్తే తీసుకోవద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వాటిని అమ్మడం నేరం, పైగా ఒక్క బ్రష్షు కోసం చంపేది ఒక ప్రాణిని. తుడుచుకోవడానికి తాతగారి పాత పొందూరు పంచె ముక్క వాడుతున్నాను. దాన్ని మించిన గుడ్డ నాకు ఏ షాపులోనూ దొరకలేదు.

తరగతిలో ఈ సామానంతా వేరే పరీక్షకి నిలబడాలి. పిల్లలకి చవక కాగితం, చవక రంగు చాలు, పెద్దయ్యాక మంచివి కొనుక్కుంటారులే అని నేనూ అనుకునేవాణ్ణి. తప్పు. చవక కాగితం మీద మబ్బు దిగకపోతే పిల్లవాడు కాగితాన్ని తప్పుపట్టడు, తనకి బొమ్మలు రావనుకుంటాడు. నాకు అదే జరిగింది కదా. అందుకని ఇప్పుడు మంచి నూలు షీటునే ముప్పై రెండు ముక్కలు చేస్తున్నాను. ఒక్కోటి ఐదున్నర బై మూడు ముప్పావు అంగుళాలు, దాదాపు పోస్టుకార్డు అంత. పదహారు మంది పిల్లలకి ఒక్క షీటు రెండు రోజులు వస్తుంది. చిన్న ముక్క కాబట్టి భయం కూడా ఉండదు, పాడైతే ఇంకోటి.

మొదటి రోజు అల్ట్రామెరీన్ ఒక్కటే ఇస్తాను. రెండో రోజు దానికి బర్న్‌ట్ సియన్నా తోడవుతుంది. నల్లరంగు ట్యూబు నా తరగతిలో ఉండదు. థాలో బ్లూ అనే గాఢమైన నీలం కూడా తీసేశాను. రంగు మంచిదే, ఎండకీ నిలుస్తుంది, కానీ బట్టకి పడితే వదలదు. ఒక తల్లి యూనిఫాం చొక్కా పట్టుకొచ్చి నా ముందు పరిచినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. అల్ట్రామెరీన్ అయితే సబ్బుకి చాలావరకు పోతుంది.

నిరుడు వేసవిలో పిల్లల్ని కళింగపట్నం తీసుకెళ్లాను, లైట్‌హౌస్ వేద్దామని. తెచ్చిన మంచినీళ్లు పిల్లలు తాగేశారు. సముద్రం నీళ్లతోనే వేశాం. ఆకాశంలో తెల్లటి చుక్కలు తేలాయి, ఉప్పు రంగుని పక్కకి నెట్టేసింది. పిల్లలకి అది భలే నచ్చింది. కానీ ఉప్పు తేమని పట్టుకుంటుంది కాబట్టి ఆ కాగితాలు ఇంటికొచ్చాక కూడా చేతికి చెమ్మగానే తగిలాయి. మీరు వెళ్తే మనిషికి ఒక సీసా అదనంగా పెట్టుకోండి. శ్రీకూర్మం గుడి మండపం గోడల మీద పాత బొమ్మలు చూపించడానికి కూడా ఏటా వెళ్తాం. అక్కడ రంగులు తియ్యం, పెన్సిలు మాత్రమే. గోడకి చెయ్యి తగలకూడదని ముందే చెబుతాను. 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు పత్రికలకి వేసిన ముఖచిత్రాలు నా దగ్గర కొన్ని ఉన్నాయి, చివరిరోజు అవి బల్ల మీద పరుస్తాను. కింద వ.పా. అన్న సంతకం వెతకడం పిల్లలకి ఆట.

గట్టు మీద తరగతిలో ఒక పాప అందరూ నీలం రంగు నది వేస్తుంటే బ్రష్షు పక్కన పెట్టి కూర్చుంది. ఏమ్మా అంటే, "మాస్టారూ, ఏరు నీలంగా నేదు కదండీ" అంది. లేదు మరి. ముందురోజు పైన వాన పడింది, నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నా పెట్టె తన ముందు పెట్టాను. బర్న్‌ట్ సియన్నాలో కొంచెం ఆకర్, సూది మొన మీద నిలిచేంత నీలం కలిపింది. ఆ మూడంగుళాల ముక్క నా గోడ మీద ఉంది, అడిగి తీసుకున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పన్నెండు రంగుల సెట్టు కొనొద్దు. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియన్నా, ఎల్లో ఆకర్, పీవీ 19, ఎండకి నిలిచే ఒక నిమ్మపసుపు కొనండి. మిగిలిన డబ్బంతా నూలు కాగితానికి పెట్టండి. పెట్టె రేకుదైనా ప్లాస్టిక్‌దైనా బొమ్మకి తేడా రాదు, మనకి మాత్రం ప్లాస్టిక్కే మేలు.

నా పెట్టెలో ప్రస్తుతం ఒక పాన్ ఖాళీగా ఉంది, ఒకప్పుడు పీఆర్ 83 ఉన్న గది పక్కది. నారింజ రంగు ఒకటి పెట్టాలని ఉంది, రథసప్తమి పొద్దున్న ఆకాశం కోసం. రెండు కంపెనీలవి తెచ్చి పట్టీలు కిటికీకి అతికించాను. అట్ట తీయడానికి ఇంకా నాలుగు నెలలుంది.