రోడ్ సైకిల్: కొత్తది కొనాలా, ఉన్నదాన్నే ఒంటికి సరిచేసుకోవాలా?

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా తొక్కి తిరిగొచ్చేసరికి మెడ పట్టేస్తుంది, చిటికెన వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఇక సైకిల్ మార్చేద్దామని బుద్ధి పుట్టేది అప్పుడే. (మనవైపు బైక్ అంటే మోటారు సైకిలే కాబట్టి ఇక్కడ సైకిల్ అనే అందాం.) డబ్బు తీసేముందు ఒకటి తేల్చుకోండి: మీ బాధ నొప్పా, వేగం రాకపోవడమా? నొప్పికి కొలతలు సరిచూసుకోవాలి. వేగం రాకపోతే చాలావరకు టైర్లూ గేర్లూ చూడాలి. కొత్త సైకిల్ వంతు ఆ తర్వాతే.

కొలతలు సీటు ఎత్తుతో మొదలుపెట్టాలి. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆన్చి, పాదాలు జానెడు ఎడంగా పెట్టి నిలబడండి. గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నట్టే ఒత్తుగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద ఎవరిచేతైనా గీత పెట్టించండి. నేల నుంచి గీత దాకా వచ్చిన కొలతని 0.883తో హెచ్చవేయండి. 80 సెంటీమీటర్లకి 70.6 వస్తుంది. క్రాంకు (పెడల్ కాడ) తిరిగే ఇరుసు నడిమధ్య నుంచి సీటు గొట్టం వెంబడే సీటు పైభాగానికి అంత ఉండాలి. ఇది మొదలుపెట్టడానికి ఒక లెక్క, అంతే. అక్కణ్ణుంచి ఒక్కోసారి 3 మిల్లీమీటర్లే మార్చి, రెండు మూడు రోజులు తొక్కి చూడాలి. మోకాలి ముందువైపు నొప్పి అంటే చాలాసార్లు సీటు తక్కువ ఎత్తులో ఉన్నట్టు. వెనకవైపు లాగితే, తొక్కేటప్పుడు తుంటి అటూ ఇటూ ఊగితే, ఎక్కువైనట్టు.

వేళ్ళ తిమ్మిరికి గ్లవ్స్ కొనేవాళ్ళు ఎక్కువ. అంతకంటే ముందు సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. వాలితే ఒళ్ళు ముందుకి జారుతుంది, ఆ బరువంతా అరచేతుల మీద పడుతుంది. సీటు మట్టంగా ఉన్నా తిమ్మిరి తగ్గకపోతే హ్యాండిల్ దూరమైనట్టు. అలాంటప్పుడు సీటుని ముందుకి జరపడం పొరపాటు, చేతులకి చేసిన వైద్యం మోకాలికి జబ్బవుతుంది. మార్చాల్సింది హ్యాండిల్ పట్టే స్టెమ్. 110 మిల్లీమీటర్లది తీసి 90ది వేయొచ్చు. కిందికి వాలి ఉన్న స్టెమ్‌నే తిరగేసి బిగిస్తే ఖర్చు లేకుండా హ్యాండిల్ ఒకటి రెండు సెంటీమీటర్లు లేస్తుంది.

ఈ పని ఇంట్లోనే అవుతుంది, అయితే వరస తప్పకూడదు. స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పైన మూత బోల్టు విప్పి, స్టెమ్ మార్చాలి. తర్వాత మూత బోల్టు మెల్లగా బిగిస్తూ, ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) దగ్గర టకటక ఆగిందంటే చాలు. ఇంకా బిగిస్తే హ్యాండిల్ తిరగడం బరువెక్కుతుంది. అప్పుడు స్టెమ్‌ని ముందు చక్రానికి సూటిగా పెట్టి పక్క బోల్టులు ఒకటి మార్చి ఒకటి బిగించాలి. బిగింపు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు (టార్క్ రెంచి చూపే కొలత), స్టెమ్ మీద వేరే అంకె రాసి ఉంటే అదే లెక్క. పక్క బోల్టులు ముందే బిగించేసి తర్వాత మూత బిగిస్తే వదులు పోనేపోదు.

ఇక భాగాలు మార్చడం. గతుకుల దారిలో 23 మిల్లీమీటర్ల వెడల్పు టైరుని రాయిలా గాలి కొట్టి తొక్కడం కంటే 28 టైరు మేలు. 65–70 కిలోల మనిషికి గాలి ఒత్తిడి 70 పీఎస్ఐ అటూ ఇటూగా చాలు. కొనేముందు ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు కింద, బ్రేకు కింద ఎంత చోటుందో కొలవండి. టైరుకి రెండు పక్కలా, పైనా 4 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి.

విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కేవాళ్ళు వెనక గేర్ల కేసెట్ మార్చుకోవచ్చు. ముందు 34, వెనక 28 పళ్ళతో నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 9.2 కిలోమీటర్లు. అంతకంటే వేగం పడిపోతే కాలు మొరాయిస్తుంది. వెనక 32 వేస్తే అవే చుట్లతో 8 దగ్గర కూడా సాగుతుంది. చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే వెనక డీరైలర్‌కి కింద వేలాడే కేజ్ (పంజరం) పొట్టిదైతే 28–30 పళ్ళకి మించి ఒప్పుకోదు. చైన్‌కి కూడా రెండు లింకులు కలపాల్సి రావచ్చు. పాత పొడవే ఉంచి పెద్ద పళ్ళ మీదకి వేస్తే చైన్ బిగుసుకుని డీరైలర్‌ని లాగేస్తుంది.

8 స్పీడు నుంచి 11 స్పీడుకి, అంటే వెనక 8 గేర్ల నుంచి 11కి, పోవడం మాత్రం నాకు దండగగానే కనిపిస్తుంది. షిఫ్టర్లు (గేరు మార్చే మీటలు), డీరైలర్లు, కేసెట్, చైన్ అన్నీ మారాలి. 11 స్పీడు రోడ్ కేసెట్లు చాలావరకు పాత హబ్బు (చక్రం నడిమి భాగం) మీద పట్టవు కాబట్టి చక్రం కూడా మార్చాల్సి రావచ్చు. ఇంత పెట్టినా మెడ నొప్పి అలాగే ఉంటుంది.

కొత్త సైకిల్ బరువు సంగతి చూద్దాం. మనిషి 70 కిలోలు, సైకిల్ 10 కిలోలు అనుకోండి. రెండు కిలోలు తగ్గిస్తే మొత్తంలో రెండున్నర శాతం. గంట ఎక్కే ఘాట్‌లో మిగిలేది నిమిషమున్నర. కళింగపట్నం లాంటి చదును దారిలో ఎదురుగాలి కొడితే ఆ తేడా కూడా కనబడదు, ఆ గాలికి అడ్డం పడేది సైకిల్ కంటే మన ఒళ్ళే. మోచేతులు వంచి హాయిగా గంటసేపు తొక్కగలిగే కూర్చోబాటు ఇచ్చే లాభం ఎక్కువ.

సైకిల్ మార్చక తప్పని సందర్భమూ ఉంది: ఫ్రేమ్ సైజే తప్పినప్పుడు. స్టెమ్ 70 మిల్లీమీటర్లకి తగ్గించినా హ్యాండిల్ అందకపోతే ఫ్రేమ్ పెద్దది. ఎత్తు సరిపోవడానికి సీటు గొట్టం కనీసం ఎంత లోపల ఉండాలో చూపే గీత బయటికి వచ్చేస్తే ఫ్రేమ్ చిన్నది. కొత్తది ఎంచేటప్పుడు 54, 56 అన్న ఫ్రేమ్ సైజు అంకెలు నమ్మొద్దు, ఒక్కో కంపెనీ 54 ఒక్కోలా ఉంటుంది. స్టాక్, రీచ్ (క్రాంకు ఇరుసు నుంచి ఫ్రేమ్‌లో హ్యాండిల్ దిగే గొట్టం పైకొనకి నిలువు దూరం, అడ్డ దూరం) అన్న రెండు కొలతలు పాత సైకిల్‌వి, కొత్తవి పక్కపక్కన పెట్టి చూడండి.

పాత సైకిల్ కొనేవాళ్ళు డబ్బిచ్చేముందు సీటు గొట్టం పైకి తీయించి చూడాలి. ఉప్పు గాలి తగిలే ఊళ్ళలో గ్రీజు లేని అల్యూమినియం గొట్టం ఫ్రేమ్‌లోనే పట్టేస్తుంది. అది కదలకపోతే సీటు ఎత్తు మార్చే వీలే ఉండదు, ధర ఎంత తగ్గించినా ఆ బేరం వదిలేయండి.