వందో ఓటమి రోజున షికాగోలో

మా వాడికి పదకొండేళ్లు. టీవీలో మా డెట్రాయిట్ బేస్‌బాల్ జట్టు టైగర్స్ ఆట వస్తుంటే అన్నం ముద్ద చేతిలోనే ఎండిపోతుంది. "నాన్నా, డెట్రాయిట్ బయట ఒక్క గేమ్ చూపించవా" అని రెండేళ్లుగా ఒకటే గోల. 2024 ఆగస్టు చివర్లో షికాగోలో అక్కడి జట్టు వైట్ సాక్స్‌తో సిరీస్ పడింది. ఒకే డివిజన్ (లీగ్‌లో ఒకే గుంపు), కారులో వెళ్లగలిగే దూరం, పైగా షికాగో శివారు నేపర్‌విల్‌లో మా బావ ఇల్లు. టిక్కెట్లకు ఎగబడేవాళ్లు కూడా ఉండరు. ఎందుకంటే వైట్ సాక్స్ ఆ ఏడాది జూలై 10 నుంచి ఆగస్టు 5 దాకా వరసగా 21 ఆటలు ఓడారు. ఆగస్టు 8న మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు.

మా టైగర్స్ మాత్రం ఏమంత వెలగబెట్టారని! జూలై నెలాఖరున జాక్ ఫ్లాహర్టీ లాంటి పిచ్చర్‌ని (బంతి విసిరేవాణ్ని) లాస్ ఏంజిలెస్ జట్టు డాడ్జర్స్‌కి ఇచ్చేశారు. ఆగస్టు 10 నాటికి 55 గెలుపులు, 63 ఓటములు. అప్పటికి ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) మాటెత్తితే నవ్వేవాళ్లు. ఫోన్లో విషయం చెప్పగానే మా బావ అన్నాడు: "మావాళ్లు ఓడటం చూడ్డానికి అంత గ్యాస్ తగలేసుకుని రావాలా బావా? మీరు రాకపోయినా ఓడతారు."

శనివారం పొద్దున్నే బయల్దేరాం. ఐ-94 మీద సుమారు 280 మైళ్లు. నాలుగున్నర గంటలు అనుకోండి, కానీ ఇండియానా దాటి ఊరికి దగ్గరయ్యేసరికి ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఆ లెక్కకు అర్థం లేదు. అక్కడ గడియారం గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి పోయిన గంట తిరిగొచ్చినట్టు అనిపిస్తుంది, అంతే. ఒకరిద్దరే అయితే ఆమ్‌ట్రాక్ వుల్వరీన్ రైలు మేలు. డియర్‌బోర్న్‌లోనో ఆన్ ఆర్బర్‌లోనో ఎక్కితే నేరుగా యూనియన్ స్టేషన్‌లో దింపుతుంది.

ఈ ట్రిప్‌లో నేను చేసిన తప్పు బస. సరదాపడి ఊరి నడిబొడ్డున సౌత్ లూప్‌లో హోటల్ తీసుకున్నాను. గది బాగానే ఉంది, కిటికీలోంచి రైళ్లు కనిపిస్తాయని మా వాడికి సంబరం కూడా. కానీ బిల్లులో 'డెస్టినేషన్ ఫీజు' అని ఒకటి, రాత్రి పార్కింగ్‌కి ఇంకొకటి కలిపారు. ఆ పార్కింగ్ డబ్బుతో ముగ్గురికీ ఇంకో ఆట టిక్కెట్లు వచ్చేవి. మరుసటి రాత్రి బావ ఇంట్లోనే పడుకున్నాం, ముద్దపప్పు, ఆవకాయతో సహా. చుట్టాలు లేకపోయినా సరే, నేపర్‌విల్ వైపు ఎక్కడైనా గది తీసుకుని, మెట్రా లోకల్ రైల్లో ఊళ్లోకి వచ్చి, జాక్సన్ స్టేషన్ దాకా నడిచి రెడ్ లైన్ సిటీ రైలు ఎక్కండి. సాక్స్-35త్ స్టేషన్‌లో దిగితే స్టేడియం ఎదురుగానే ఉంటుంది.

అప్పటికి దాని పేరు గ్యారంటీడ్ రేట్ ఫీల్డ్. 1991లో కట్టారు. మరుసటి ఏడాదే బాల్టిమోర్‌లో పాతకాలపు ఇటుక గోడల తరహాలో కామ్డెన్ యార్డ్స్ రావడంతో అందరి కళ్లూ అటు పోయాయి, పాపం ఇది కొత్తగా ఉండగానే పాతదైపోయింది. నాకు మాత్రం నచ్చింది. కింది సీట్లు తీసుకోండి, పైడెక్ బాగా నిటారుగా ఉంటుంది. లోపలికి వెళ్లేముందు ఉత్తరం వైపు పార్కింగ్ లాట్‌లో ఆగండి. 1910 నుంచి 1990 దాకా వైట్ సాక్స్ పాత స్టేడియం కొమిస్కీ పార్క్ ఉన్న చోటది. అప్పటి హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) ఎక్కడుండేదో అక్కడే ఒక రాతి పలక పొదిగారు. కార్ల మధ్య మా వాడు దాని పక్కన నిలబడి లేని బ్యాట్ ఊపాడు.

కవర్లో పులిహోర తీసుకెళ్లాం, గేటు దగ్గర ఎవరూ అడ్డుపెట్టలేదు. అయినా అక్కడి 'ఎలోటే' వదలకండి. మొక్కజొన్న గింజలు కప్పులో ఒలిచి, చీజ్, మయోనీజ్, నిమ్మకాయ, కారం కలిపిస్తారు. మన బీచ్ రోడ్డు కంకికి మెక్సికో చుట్టం. ఆ ఏడాది అందరూ ఫోటోలు పెట్టిన క్యాంప్‌ఫైర్ మిల్క్‌షేక్ కూడా తాగాం. రెండు గుటకల తర్వాత మా ఆవిడ నాకిచ్చేసింది, అంత తీపి.

స్టాండ్స్‌లో ఖాళీలే ఎక్కువ. మా పక్క సీట్లో ఒక పెద్దాయన సాక్స్ టోపీతో, ఒళ్లో స్కోర్ పుస్తకం, చేతిలో అరిగిపోయిన పెన్సిల్. ప్రతి బంతికీ ఏదో గుర్తు పెడుతున్నాడు. మా వాడు తొంగి చూస్తుంటే పిలిచి నేర్పాడు: మూడో స్ట్రయిక్‌కి బ్యాటర్ ఊపినా తగలక ఔటైతే 'కే' (K) అక్షరం, ఊపకుండా చూస్తూ ఔటైతే అదే అక్షరం తిరగేసి. 2005లో వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచినప్పుడు వాళ్ల ఆటగాడు కొనెర్కో కొట్టిన గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకు నాలుగు రన్‌లు) బంతి పడిన చోట ఆకుపచ్చ సీట్ల మధ్య ఒక నీలం సీటు ఉంచారని వేలెత్తి చూపించాడు. ఆ తర్వాత మా వాడు టైగర్స్ రన్‌కి అరవడం కాస్త తగ్గించాడు, నేనేమీ చెప్పకుండానే.

9-4తో మేం గెలిచాం. వైట్ సాక్స్‌కి అది వందో ఓటమి, గెలుపులు 31. పెద్దాయన లెక్కలన్నీ కూడి, పేజీ మూలన 100 అని రాసి, చుట్టూ సున్నా చుట్టాడు. వెనక నుంచి ఒక ఖాళీ పేజీ చించి మా వాడికిచ్చి లేచాడు.

సెప్టెంబర్ 27న వాళ్లు డెట్రాయిట్ వచ్చి 4-1తో ఓడారు. 1962 నాటి న్యూయార్క్ మెట్స్ 120 ఓటముల రికార్డు అలా దాటిపోయింది. అదే రాత్రి, 2014 తర్వాత మొదటిసారి, టైగర్స్ ప్లేఆఫ్స్‌కి చేరారు. ఇంట్లో అందరం గంతులేస్తున్నాం. మా వాడు మాత్రం ఆ చింపిన పేజీ మీద చివరి ఇన్నింగ్స్ పూర్తిచేసి, మూలన 121 అని రాసి, సున్నా చుట్టాడు.