పుషప్స్ 50 దాటాక ఏది మేలు, లెక్క పెంచడమా, ఎత్తు మార్చడమా?

పొద్దున్నే శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి వెళ్తే ఆర్మీకి ప్రిపేర్ అయ్యే గుంటలు కనిపిస్తారు, ఎవర్ని కదిపినా ముందు చెప్పేది లెక్కే, అన్నా నిన్న 50 కొట్టాను ఈరోజు 55 కొట్టాను అని. మంచిదే. కానీ 55 పుషప్స్ కొట్టేవాడు కూడా బీమ్ మీద మూడో పులప్ దగ్గర వేలాడిపోతుంటే చూడలేకపోతున్నాను, అందుకే ఇది రాస్తున్నా.

లెక్క పెంచడం తప్పని కాదు, 20 వరకు అదే దారి. అది దాటాక పెరిగేది ఎక్కువగా దమ్మే, బలం పెద్దగా పెరగదు, ఎందుకంటే చేతుల మీద పడే బరువు మారట్లేదు కదా.

చేతులో కాళ్లో పెట్టే ఎత్తు మారిస్తే ఆ బరువే మారిపోతుంది. 60 కిలోల మనిషి మామూలు పుషప్ చేస్తే చేతుల మీద పడేది సుమారు 38 కిలోలు. చేతులు రెండడుగుల గట్టు మీద పెడితే 25, మోకాళ్ల మీద చేస్తే 29, అదే కాళ్లు గట్టు మీద పెట్టి చేతులు కింద పెడితే 44. రూపాయి ఖర్చు లేదు! నా ఓటు దీనికే. 12 చొప్పున మూడు సెట్లు నడుం జారకుండా వస్తే పై మెట్టుకి, అంటే ఇంకా బరువు పడే తర్వాతి రకానికి వెళ్లండి, అక్కడ 6కి పడిపోయినా కంగారు పడొద్దు.

పై మెట్టు అస్సలు రావట్లేదంటే ఉన్నదాన్నే నెమ్మది చేయండి, 4 సెకన్లు దిగి కింద ఒక సెకను ఆగాలి. తొందరపడి ఎక్కితే కండ తట్టుకున్నా మోచేతి దగ్గర నొప్పి పట్టేస్తుంది, కండరం కంటే దాన్ని ఎముకకి పట్టించే భాగం గట్టిపడటానికి చాలా ఎక్కువ టైం పడుతుంది.

ఇక బీమ్. ఆర్మీ ర్యాలీలో 10 లాగితే 40 మార్కులు, 6 లాగితే 16, అంటే ఆ నాలుగు పులప్స్ విలువ 24 మార్కులు. రానివాళ్లు చాలామంది బండి ట్యూబు కట్టుకుని లాగుతారు, కానీ ట్యూబు సాయం చేసేది కింద, పైకి వెళ్లేకొద్దీ వదులైపోతుంది, గడ్డం బీమ్ దాటాల్సిన చోటే మిమ్మల్ని వదిలేస్తుంది. దానికంటే స్టూలెక్కి గడ్డం పైన పెట్టుకుని 5 సెకన్లు లెక్కపెడుతూ దిగడం మేలు, లాగేటప్పటికంటే దిగేటప్పుడు కండ ఎక్కువ బరువు ఓర్చుకుంటుంది కాబట్టి ఒక్కటీ లాగలేనివాడు కూడా చేయగలడు. 5 చొప్పున మూడు సెట్లు, రోజు విడిచి రోజు. 6 వచ్చేశాక మాత్రం లెక్కే ముఖ్యం, అప్పుడు కూడా చేతులు చచ్చిపోయేదాకా లాగకుండా మూడేసి చొప్పున ఎక్కువ సార్లు లాగండి.

బస్కీలు మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం వైపు వాళ్లకి నేర్పక్కర్లేదు గానీ, వంద దాటించే బదులు వెనక కాలు గట్టు మీద పెట్టి ఒంటికాలి మీద 8 చేసి చూడండి, మర్నాడు మెట్లు దిగేటప్పుడు మీకే తెలుస్తుంది.

బరువు కోసం బియ్యం నింపిన బ్యాగు వీపుకి తగిలించుకోవడం కాళ్ల కసరత్తుకి బాగుంటుంది. పుషప్స్‌కి మాత్రం చివర్లోనే, బ్యాగు మెడ మీదకి జారుతుంది, నడుం కిందకి వంగిపోతుంది, పట్టీలు బిగించి 5 కిలోలతో మొదలెట్టండి.