స్కానరా, మల్టీమీటరా?

ఒంగోలు దాటి కావలి వైపు వెళుతుండగా ఆటోమేటిక్ కారు ఒకే గేరులో మొండికేస్తే అనుమానం షిఫ్ట్ సోలనాయిడ్ మీదికి, అంటే గేర్లు మార్చే నూనె దారిని కరెంటుతో తెరిచి మూసే వాల్వు మీదికి పోతుంది. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ నిమిషాల్లో పి0750 వంటి కోడ్ చూపుతుంది. అది ‘ఏ’ సోలనాయిడ్ వైపు వేలు చూపడమే. వైరు తెగిందా, సోలనాయిడ్ లోపలి రాగి తీగచుట్ట (కాయిల్) కాలిందా అన్నది తేల్చదు. కోడ్ చూసి విడిభాగం కొనేవాళ్లంటే నాకు జాలి.

మల్టీమీటరుకు ఓపిక కావాలి. ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి సోలనాయిడ్ నిరోధం కొలవాలి. టొయోటా కార్లు చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర 11–15 ఓమ్‌లు ఉండాలి. సున్నాకు దగ్గరైతే షార్ట్, అనంతమైతే తెగినట్టు. నెల్లూరు మే ఎండలో, పైగా వేడెక్కిన గేర్‌బాక్సులో అంకె కాస్త ఎక్కువే వస్తుంది: రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. మురికితో వాల్వు బిగుసుకుంటే మాత్రం మీటరు కూడా అంతా బాగుందనే అంటుంది.