గయ పని అయ్యాక బోధ్‌గయలో రెండు రోజులు

నాన్నగారి పిండప్రదానానికి జనవరిలో అమ్మను తీసుకుని గయ వెళ్లాను. ఫల్గు నది, విష్ణుపాదం, అక్షయవటం ఒక్కరోజులో అయిపోయాయి. అక్షయవటం దగ్గర ఇష్టమైన పండొకటి, కూరొకటి జన్మకి వదిలేయమంటారు కదా, చాలామంది ఎలాగూ తినని కాకరకాయ పేరు చెప్పేస్తారు. అమ్మ సీతాఫలం వదిలేసింది. ఆవిడకి అదంటే ప్రాణం. "ఇంత దూరం వచ్చాం, ఆ బుద్ధుడి గుడి కూడా చూసి పోదాంరా" అంది.

బోధ్‌గయలో మొదటిరాత్రి హోటల్లో దిగడం మా పొరపాటు. వేడినీళ్లు రాలేదు, అర్ధరాత్రి దాకా కింద జనరేటర్ మోత. పొద్దున్నే ఖాళీ చేసి ఒక బౌద్ధ విహారం వాళ్ల గెస్ట్‌హౌస్‌కి మారాం. రెండు మంచాలు, మందపాటి రగ్గులు, శుభ్రమైన బాత్రూమ్. టీవీ లేదు, తొమ్మిదికి గేటు వేసేస్తారు. అద్దె చెప్పరు, తోచింది హుండీలో వేయాలి. పెద్దవాళ్లతో వెళ్తే నేను ఇదే చెబుతాను. చలికాలం రద్దీలో మాత్రం ముందుగా ఫోన్ చేసుకోవాలి.

బుద్ధుడు తపస్సు చేశాడని చెప్పే గుహ ఉన్న డుంగేశ్వరి కొండకి ఆటో మాట్లాడుకునేటప్పుడు ఆగే టైముతో సహా బేరం తేల్చుకోండి. మా దగ్గర వెయిటింగ్ అని మూడొందలు అదనంగా లాగాడు. పైకి మంచి దారే, డోలీలూ ఉన్నాయి, అమ్మ మెల్లగా నడిచేసింది. గుహ చాలా చిన్నది, వంగి దూరాలి. లోపల కొవ్వొత్తుల వేడి. ఆ వెలుగులో తపస్సుతో చిక్కిపోయిన బుద్ధుడి బంగారు రంగు విగ్రహం: గుంటలు పడ్డ కళ్లు, విడివిడిగా లెక్కపెట్టగలిగే పక్కటెముకలు. పొట్ట తడిమితే వెన్నెముక చేతికి తగిలేదని బుద్ధుడే చెప్పుకున్నట్టు మజ్ఝిమ నికాయం అనే పాళీ గ్రంథంలో ఉంది. ఆరేళ్ల తపస్సు ఈ గుహలోనే అని గైడ్లు చెబుతారు. పాళీ గ్రంథాల్లో మాత్రం ఆ చోటు ఉరువేల (ఇప్పటి బోధ్‌గయ ప్రాంతం), నిరంజనా నది ఒడ్డు. తపస్సు చాలించి, సుజాత అనే పల్లె యువతి ఇచ్చిన పాయసం తీసుకున్నాకే ఈ కొండకి వచ్చాడని హ్యుయాన్ త్సాంగ్ రాశాడు. నాకు ఆయన మాటే నమ్మబుద్ధి అయింది. అయినా తప్పకుండా వెళ్లండి, ఆ విగ్రహం కోసం.

నది అవతల బక్రౌర్‌లో సుజాత స్తూపానికి అరగంట చాలు, పెద్ద ఇటుకల దిబ్బ. కథ మలుపు తిరిగింది ఇక్కడే కాబట్టి అమ్మకి వివరంగా చెప్పాను. ఉపవాసం మానేసి ఆ పాయసం తాగాడనే, తోడుగా తపస్సు చేస్తున్న అయిదుగురు స్నేహితులు బుద్ధుణ్ణి వదిలేసి పోయారు. షుగర్ ఉండి కూడా ఏకాదశి నాడు మాత్ర ముట్టని మనిషి అమ్మ. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

గెస్ట్‌హౌస్‌లో ఒక బెంగాలీ భిక్షువు భోజనం చూశాం. అన్నం, పప్పు, కూర, అరటిపండు, చివరికి రసగుల్లా కూడా ఒకే పాత్రలో కలిపేసుకున్నారు. రోజుకి అదొక్కటే. నా హిందీలో అడిగితే చెప్పారు: ఇది ధుతాంగం, అంటే భిక్షువు తనంతట తాను పట్టే నియమం. ధుత అంటే దులిపేయడం. విశుద్ధిమార్గం అనే బౌద్ధ గ్రంథంలో ఇలాంటివి 13 ఉన్నాయి: పారేసిన గుడ్డలతో కుట్టిన చీవరం (భిక్షువు వస్త్రం) కట్టడం, చెట్టుకింద వాసం, శ్మశానంలో ఉండడం, నడుం వాల్చకపోవడం లాంటివి. ఏదీ తప్పనిసరి కాదు. అడవిలోనే ఉండాలి, భిక్షే తినాలి అని అందరికీ నియమం పెట్టమని దేవదత్తుడనే శిష్యుడు పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు. ముసలితనంలో ఇక చాలించమని బుద్ధుడే అన్నా మహాకశ్యపుడనే శిష్యుడు తన ఇష్టంతో కొనసాగించాడు. "ఒంటిని బాధపెట్టడానికి కాదు, నాలుక పెత్తనం తగ్గించడానికి" అన్నారు ఆ భిక్షువు. అమ్మ తన సీతాఫలం సంగతి చెప్పమంది. "ఇంకా గుర్తొస్తోందా?" అని అడిగారు. "వస్తోందండీ" అంది అమ్మ. "రానివ్వండి, గమనిస్తూ ఉండండి" అన్నారు.

మహాబోధి గుడి పొద్దున అయిదింటికి తీస్తారు, అప్పుడే వెళ్లండి. ఫోన్లు బయట కౌంటర్లో ఇవ్వాలి, చెప్పులూ బయటే. మందపాటి సాక్సులు మర్చిపోవద్దు, రాళ్లు మంచులా ఉంటాయి. ఆవరణలో టిబెటన్లు చెక్కపలకల మీద సాష్టాంగాలు చేస్తూ కనిపిస్తారు. సాధన మొదట్లోనే లక్ష పూర్తి చేయాలట. అమ్మ వయసే ఉన్న ఒకావిడ అరచేతుల కింద గుడ్డలు పెట్టుకుని పలక మీద సర్రున జారి, లేచి, పక్కనున్న జపమాలలో ఒక పూస జరిపింది. నుదుటి మీద రూపాయి బిళ్లంత కాయ. అమ్మ ఆవిడ పక్కనే కూర్చుండిపోయింది. ఎనిమిదింటికి నేను మాత్ర సంగతి గుర్తుచేస్తే చేయి చాపి తీసుకుంది. ఆ రోజు ఏకాదశి.