గాణగాపురంలో జోలె పట్టిన మధ్యాహ్నం

దత్త జయంతి సందడి సద్దుమణిగాక నేనూ నా భార్యా మంత్రాలయం, గాణగాపురం, అరుణాచలం ఒకే ప్రయాణంలో దర్శించి వచ్చాము. గురుసన్నిధిలో సామాన్య యాత్రికుడి చేతికి ఏదైనా సేవ దొరుకుతుందా అన్నదే మా వెతుకులాట కాబట్టి, బసల గురించి, ఏర్పాట్ల గురించి కూడా ఆ దృష్టితోనే రాస్తున్నాను.

మంత్రాలయంలో వసతికి కొరత లేదు. రైల్వే స్టేషన్ నుంచి ఊరు సుమారు 16 కిలోమీటర్లు ఉన్నా వాహనాలు దొరుకుతాయి. మేము వెళ్లినది గురువారం కావడంతో ఆ పూటంతా క్యూలోనే గడిచింది. ఆ లోటు తుంగభద్ర ఆవలి ఒడ్డున ఉన్న బిచ్చాలిలో తీరింది. రాఘవేంద్రస్వామి శిష్యుడు అప్పణ్ణాచార్యులు నివసించిన ఊరు అది. 1671లో గురువు బృందావన ప్రవేశం (సజీవ సమాధి) చేస్తున్నారని విని ఆయన నిండుగా పారుతున్న నదిని దాటుతూ స్తోత్రం అల్లారనీ, దుఃఖంతో ఆగిపోయిన చివరి పాదాన్ని బృందావనంలోంచి గురువే పూరించారనీ భక్తులు చెప్పుకుంటారు. మంత్రాలయం వెళ్లేవారు బిచ్చాలిని వదులుకోకూడదు.

గాణగాపురంలో బస మాత్రం బాగాలేదు. మేము దిగిన లాడ్జిలో తెల్లవారుజామున నీళ్లు రాలేదు, దుప్పట్లు రెండుసార్లు అడిగి తెచ్చుకున్నాము. అయినా ఒక్క చోటికే వెళ్లగలిగినవారికి నేను ఆ ఊరినే చెబుతాను. భీమా, అమరజా నదుల సంగమంలో స్నానం చేసి, దత్తావతారంగా కొలిచే నృసింహ సరస్వతి స్వామి నిర్గుణ పాదుకలను దర్శించుకునేసరికి మాధుకరం, అంటే ఇంటింటా భిక్ష అడిగే వేళ అయింది. దత్తాత్రేయుడు ఏదో ఒక రూపంలో మధ్యాహ్నం అక్కడికి భిక్షకు వస్తాడని విశ్వాసం. అందుకే యాత్రికుల్లో కొందరు వండించి వడ్డిస్తారు, కొందరు జోలె పట్టి కనీసం ఐదు చోట్ల అడుగుతారు. మొదటిరోజు వడ్డించడం మాకు తేలికగానే జరిగిపోయింది. మర్నాడు జోలె పట్టి 'భవతీ భిక్షాం దేహి' అనడానికి నాకు గొంతు పెగల్లేదు. ఏళ్ల తరబడి అన్నదానాలకు చందాలిచ్చి, శిలాఫలకాలపై పేరు వేయించుకున్నవాణ్ణి నేను. ఒక ముసలమ్మ జొన్నరొట్టె ముక్క జోలెలో వేసి, కళ్లు మూసుకుని నాకు నమస్కరించింది. ఆమె ఎవరికి నమస్కరించిందో తెలుసు కాబట్టే నాకు కన్నీళ్లు ఆగలేదు.

బసల్లో ఉత్తమమైనది అరుణాచలంలోని రమణాశ్రమం. గది కోసం చాలా ముందుగా రాసి అనుమతి పొందాలి. అద్దె అడగరు, మనం ఇచ్చినది స్వీకరిస్తారు. మధ్యాహ్నం భోజనశాలలో పంక్తి మొదలయ్యేలోపే బయట సాధువులకు, పేదలకు అన్నం పెడతారు. మహర్షి 1899 నుంచి 1916 వరకు ఉన్న విరూపాక్ష గుహలో, ఆయనకు ఏళ్ల తరబడి పరిచర్య చేసిన పళనిస్వామినీ, రోజూ అన్నం పట్టుకుని కొండెక్కిన ఎచ్చమ్మాళ్‌నూ తలుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాము. బయటికి వచ్చాక, వాకిట్లో ఆకులు ఊడుస్తున్న పెద్దాయనను అడిగి నా భార్య చీపురు అందుకుంది. ఆమె ఊడ్చినంతసేపూ ఆయన గోడకు చేరగిలబడి మౌనంగా కూర్చున్నారు. నేను ఆకులు ఎత్తాను.